యూనిట్ – 9 : శరత్కాలపు ట్రౌట్ వేట – ఫ్లై ఎంపిక

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ఫ్లై అంటే ఏమిటి?
9.3 శరత్కాలంలో నదిలో వచ్చే మార్పులు
9.4 శరత్కాలపు ఆహారం – దానికి తగిన ఫ్లై
9.5 ఎంపికలో పాటించవలసిన క్రమం
9.6 ఒక రోజు: అన్వయం
9.7 ఫ్లై వేయకూడని చోటు
9.8 భారతదేశంలో శరత్కాలపు ట్రౌట్
9.9 సారాంశం
9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి – మాదిరి జవాబులు
9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు
9.12 పదకోశం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు:

– ఫ్లై అనే కృత్రిమ ఎర స్వభావం, అందులోని ముఖ్య రకాలు;
– శరత్కాలంలో నీటి ఉష్ణోగ్రత, కీటకాల పరిమాణం, చేప ప్రవర్తన మారే తీరు;
– నదిలో కనిపించే ఆధారాలను బట్టి ఫ్లైని ఎంచుకునే క్రమం;
– గుడ్లు పెట్టే చేపలను వేటాడకుండా వదిలివేయవలసిన కారణం.

9.1 పరిచయం

తొలకరి వాన పడిన సాయంత్రం దీపం చుట్టూ ఈసుళ్లు మూగడం మీరు చూసే ఉంటారు. ఆ పూట బల్లులు, కప్పలు వాటినే తింటాయి. తెల్లవారాక నేల మీద రాలిన వాటిని కోళ్లు, కాకులు ఏరుకుంటాయి. చెరువులో పడిన ఈసుళ్ల కోసం చేపలు కూడా పైకి వస్తాయి. ఒకే ఆహారం ఒక్కసారిగా, తేలికగా, విస్తారంగా దొరికినప్పుడు జంతువు దాని మీదే దృష్టి పెడుతుంది. పక్కన మరొకటి ఉన్నా అంతగా పట్టించుకోదు.

చల్లని నదుల్లో బతికే ట్రౌట్ చేపకు ఇలాంటి పూటలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. నీటిలో పెరిగిన కీటకాలు రెక్కలు వచ్చి ఒకేసారి పైకి లేచే ఘట్టాన్ని 'హ్యాచ్' అంటారు. ఆ సమయంలో చేప ఏ పురుగును తింటున్నదో గుర్తించి, దానిని పోలిన కృత్రిమ పురుగును దాని ముందుకు పంపడమే ఫ్లై వేట.

ఈ వేటలో కొత్తవారు సాధారణంగా అడిగే ప్రశ్న "ఏ ఫ్లై మంచిది?" అన్నది. ఈ ప్రశ్నకు జవాబు లేదు. "ఇప్పుడు, ఈ నీటిలో, ఈ చేప ఏం తింటోంది?" అన్న ప్రశ్నకు జవాబు ఉంది. శరత్కాలంలో ఈ తేడా మరింత స్పష్టంగా తెలుస్తుంది. ఆ కాలంలో నదిలోని పురుగులు చిన్నవవుతాయి. అదే నదిలో పెద్ద చేపలు పెద్ద ఎరను కూడా తరుముతాయి. అందువల్ల పెట్టెలోని అతి చిన్న ఫ్లై, అతి పెద్ద ఫ్లై ఒకే రోజున పనికి రావచ్చు. ఏది ఎప్పుడు అన్నదే ఈ యూనిట్‌లోని విషయం.

యూనిట్ 8లో మంచినీటి కీటకాల జీవిత చక్రాలను చదివారు. ఆ జ్ఞానాన్ని ఇక్కడ ఆచరణలో పెడతాం. ఉదాహరణగా అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కు గుండా ప్రవహించే మాడిసన్ నదిని తీసుకున్నాం. ఫైర్‌హోల్, గిబ్బన్ నదులు పార్కులో కలిసి మాడిసన్ నదిగా మారతాయి. అది పార్కు దాటి హెబ్‌గెన్ జలాశయంలోకి చేరుతుంది. ప్రతి శరత్తులోనూ ఆ జలాశయంలోని పెద్ద బ్రౌన్ ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతాయి. మన పాఠానికి కావలసిన అంశాలన్నీ అక్కడ ఒకేచోట కనిపిస్తాయి.

9.2 ఫ్లై అంటే ఏమిటి?

కొక్కేనికి దారం, ఈకలు, జంతువుల వెంట్రుకలు, సన్నని లోహపు తీగ చుట్టి తయారుచేసే కృత్రిమ ఎరను ఫ్లై అంటారు. వానపామును గుచ్చిన గాలానికీ దీనికీ ముఖ్యమైన తేడా ఉంది. వానపాముకు వాసన, రుచి ఉంటాయి. ఫ్లైకి అవి లేవు. చేప నోట్లోకి తీసుకున్న మరుక్షణమే అది మోసమని గ్రహించి ఉమ్మివేస్తుంది. కాబట్టి ఫ్లై తన ఆకారంతోను, పరిమాణంతోను, నీటిలో కదిలే తీరుతోను మాత్రమే చేపను నమ్మించాలి.

ఫ్లైలను నాలుగు రకాలుగా విభజించవచ్చు.

1. *డ్రై ఫ్లై* : నీటి ఉపరితలం మీద తేలేది. రెక్కలు వచ్చిన కీటకాన్ని పోలి ఉంటుంది. పుంజు మెడ ఈకలు, దుప్పి జాతి జంతువుల వెంట్రుకలు దీనిని తేలుస్తాయి.
2. *ఎమర్జర్* : ఉపరితలపు పొరలో సగం మునిగి, సగం తేలేది. పాత చర్మం నుంచి బయటపడుతున్న కీటకాన్ని పోలి ఉంటుంది.
3. *నింఫ్* : నీటి లోపల, తరచుగా అడుగున నడిచేది. రెక్కలు రాని దశలో ఉన్న కీటకాన్ని పోలి ఉంటుంది.
4. *స్ట్రీమర్* : నీటిలో లాగుతూ ఈదించేది. చిన్న చేపను, జలగను పోలి ఉంటుంది.

ఈ విద్యకు పాత చరిత్ర ఉంది. 1496లో ఇంగ్లండులో అచ్చయిన గాలపు వేట గ్రంథం ఒకటి పన్నెండు ఫ్లైలను నెలల వారీగా చెప్పింది. ఆ జాబితా మార్చిలో మొదలై ఆగస్టుతో ముగుస్తుంది. శరత్కాలానికి అందులో చోటు లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర ఫ్రెడరిక్ హాల్‌ఫోర్డ్ తేలే ఫ్లైతో వేటాడడాన్ని శాస్త్రంగా తీర్చిదిద్దాడు. చేప తన ఆహారంలో ఎక్కువ భాగం నీటి లోపలే తింటుందని జి.ఇ.ఎం. స్క్యూస్ 1910లో ప్రచురించిన పుస్తకంలో వాదించాడు. ఇంగ్లండులోని ఏవన్ నది కాపలాదారు ఫ్రాంక్ సాయర్, ఫెజంట్ పక్షి తోక ఈకను రాగి తీగతో కొక్కేనికి చుట్టి చేసిన 'ఫెజంట్ టెయిల్' నింఫ్ నేటికీ వాడుకలో ఉంది. హాల్‌ఫోర్డ్ పైన చూశాడు, స్క్యూస్ లోపల చూశాడు. శరత్కాలపు వేటగాడు రెండు చోట్లా చూడాలి.

> మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
> అ) డ్రై ఫ్లైకి, ఎమర్జర్‌కు గల భేదం ఏమిటి?
> ఆ) ఫ్లై చేపను ఏయే లక్షణాలతో నమ్మించాలి?

9.3 శరత్కాలంలో నదిలో వచ్చే మార్పులు

ఉత్తరార్ధగోళపు సమశీతోష్ణ మండలంలో సెప్టెంబర్ నుంచి నవంబర్ వరకు శరత్కాలం. మాడిసన్ పరీవాహక ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి సెప్టెంబర్‌లోనే రాత్రిళ్లు మంచు పడుతుంది. ఈ కాలంలో గమనించవలసిన మార్పులు నాలుగు.

(అ) నీటి ఉష్ణోగ్రత: ట్రౌట్ శరీర ఉష్ణోగ్రత నీటితో పాటు మారుతుంది. బ్రౌన్ ట్రౌట్ సుమారు 12 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య చురుకుగా మేస్తుంది. 20 డిగ్రీలు దాటితే నీటిలో ప్రాణవాయువు తగ్గి చేప ఒత్తిడికి గురవుతుంది. 5 డిగ్రీలకు దిగువన దాని కదలిక మందగిస్తుంది. ఫైర్‌హోల్ నదిలో వేడినీటి ఊటలు కలుస్తాయి. అందువల్ల నడి వేసవిలో అది ట్రౌట్‌కు అనుకూలంగా ఉండదు. శరత్తులో చల్లబడి మళ్లీ అనుకూలమవుతుంది. వేసవిలో ఉదయం, సాయంత్రం మంచి వేళలు. శరత్తులో నీరు కాస్త వెచ్చబడే మధ్యాహ్నం మంచి వేళ.

(ఆ) కీటకాల పరిమాణం: వేసవి మొదట్లో కనిపించిన పెద్ద కీటకాలు చాలావరకు అప్పటికే రెక్కలు వచ్చి, గుడ్లు పెట్టి, చనిపోయి ఉంటాయి. మిగిలినవి ఎక్కువగా చిన్నవి. ఏడాదిలో ఒకటికి మించి తరాలు గడిపే మేఫ్లైలలో శరత్కాలపు తరం వసంతకాలపు తరం కన్నా చిన్నదిగా ఉంటుంది. వేసవి వెచ్చదనంలో త్వరగా ఎదిగి, చిన్న పరిమాణంలోనే ప్రౌఢ దశకు చేరడం ఇందుకు కారణం.

(ఇ) నీటి మట్టం, స్పష్టత: మంచు కరిగిన వరద ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. నీరు తక్కువగా, తేటగా ఉంటుంది. చేపకు ఫ్లైతో పాటు దారమూ కనిపిస్తుంది. మీ నీడ కూడా కనిపిస్తుంది.

(ఈ) చేప ప్రవర్తన: బ్రౌన్ ట్రౌట్ (సాల్మో ట్రుట్టా), బ్రూక్ ట్రౌట్ శరత్కాలంలో గుడ్లు పెడతాయి. రెయిన్‌బో ట్రౌట్, కట్‌త్రోట్ ట్రౌట్ సాధారణంగా వసంతకాలంలో పెడతాయి. పగటి కాలం తగ్గడం, నీరు చల్లబడడం బ్రౌన్ ట్రౌట్‌కు సంకేతాలు. ఆ రోజుల్లో మగచేప తన చోటులోకి వచ్చిన ప్రతి చేపనూ తరుముతుంది. అందుకే ఆకలి లేకపోయినా స్ట్రీమర్‌ను కరుస్తుంది. అదే నదిలో ఉన్న రెయిన్‌బోకు ఈ తొందర లేదు. అది చలికాలానికి ముందు మేత మీదే ఉంటుంది.

బ్రౌన్ ట్రౌట్ అమెరికాకు సహజమైన చేప కాదన్నది కూడా గమనించండి. 1883లో జర్మనీ నుంచి గుడ్ల రూపంలో అక్కడికి చేరింది. 1890 ప్రాంతంలో ఎల్లోస్టోన్ నీళ్లలోకి వచ్చింది. వచ్చిన చోట స్థిరపడినా, శరత్తులో గుడ్లు పెట్టే యూరప్ అలవాటును మాత్రం మార్చుకోలేదు.

9.4 శరత్కాలపు ఆహారం – దానికి తగిన ఫ్లై

ఫ్లై పరిమాణాన్ని కొక్కెం సంఖ్యతో చెబుతారు. ఈ సంఖ్య పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. 8వ సంఖ్య కొక్కెం పెద్దది, 20వ సంఖ్య కొక్కెం చాలా చిన్నది. ఈ విషయంలో కొత్తవారు తరచుగా పొరపడతారు.

9.4.1 నీలి రెక్కల ఆలివ్

బీటిస్ ప్రజాతికి చెందిన చిన్న మేఫ్లైలను అమెరికాలో ఈ పేరుతో పిలుస్తారు. ఇంగ్లండులో ఇదే పేరు వేరొక మేఫ్లైకి చెల్లుతుంది. కాబట్టి పుస్తకంలో పేరు చూసి ఫ్లై కొనకూడదు, పురుగును చూసి కొనాలి. శరత్తులో దీని శరీరం సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. 18 నుంచి 22 వరకు గల కొక్కేలు సరిపోతాయి.

ఇది మబ్బు పట్టిన, సన్నని జల్లు పడే మధ్యాహ్నాల్లో ఎక్కువగా పైకి వస్తుంది. చల్లని తేమ గాలిలో దాని రెక్కలు ఆరడానికి సమయం పడుతుంది. అంతసేపూ అది నీటి మీదే కొట్టుకుపోతుంది. చేపకు అదే అవకాశం. మనుషులు ఇంటికి వెళ్లిపోదామనుకునే వాతావరణంలోనే నది నిండా చేపలు పైకి లేవడానికి కారణం ఇది.

హ్యాచ్‌కు ముందు ఫెజంట్ టెయిల్ నింఫ్, హ్యాచ్ నడుస్తుండగా ఎమర్జర్ లేదా చిన్న 'పారాచూట్ ఆడమ్స్' వాడవచ్చు. ఆడమ్స్ ఫ్లైని 1922లో మిషిగన్‌లో లెనర్డ్ హాలడే తయారుచేశాడు. బూడిద రంగు శరీరం గల ఈ ఫ్లై ఏ ఒక్క పురుగుకూ నకలు కాదు. అనేక మేఫ్లైలకు దగ్గరగా ఉంటుంది.

9.4.2 మిడ్జ్‌లు

దోమను పోలిన, కుట్టని చిన్న కీటకాలు. ఏడాది పొడవునా ఉంటాయి. మిగతా హ్యాచ్‌లు తగ్గేకొద్దీ వీటి ప్రాముఖ్యం పెరుగుతుంది. ఇవి గుంపుగా అతుక్కుని నీటి మీద తేలుతాయి. నెమలి ఈక పోగుకు పుంజు ఈక చుట్టి చేసే 'గ్రిఫిత్స్ నాట్' ఆ గుంపును పోలి ఉంటుంది. 20వ సంఖ్య పురుగును చూడలేని వేటగాడు కూడా దీనిని నీటి మీద గుర్తుపట్టగలడు.

9.4.3 అక్టోబర్ కాడిస్

శరత్తులో అన్నీ చిన్నవే అన్న సూత్రానికి ఇది మినహాయింపు. అమెరికా పశ్చిమ ప్రాంతపు నదుల్లో కనిపించే ఈ కాడిస్ రెక్కలతో కలిపి 25 మిల్లీమీటర్ల పైన ఉంటుంది. శరీరం నారింజ రంగు. 8 లేదా 10వ సంఖ్య కొక్కేనికి కట్టిన ఎల్క్ హెయిర్ కాడిస్ దీనికి తగినది. ఎల్క్ వెంట్రుకలు రెక్కగా గల ఈ నమూనా 1957 నాటి అల్ ట్రోత్ సృష్టి. కాడిస్ రెక్కలను గుడారం పైకప్పులా మడుచుకుంటుంది. మేఫ్లై రెక్కలు పడవ తెరచాపలా నిలువుగా ఉంటాయి. దూరం నుంచి కూడా ఈ తేడా గుర్తించవచ్చు.

9.4.4 గట్టు మీది కీటకాలు

మిడతలు, చీమలు, పేడపురుగుల జాతివి గాలికి నీటిలో పడతాయి. గట్టి మంచు పడే వరకు ఎండ గల మధ్యాహ్నాల్లో మిడత ఫ్లై పనిచేస్తుంది. రెక్కల చీమలు పడిన రోజున చేపలు వాటి మీదే దృష్టి పెడతాయి. అందుచేత 16 లేదా 18వ సంఖ్య నల్లచీమ ఫ్లై ఒకటి ఎప్పుడూ పెట్టెలో ఉండాలి.

9.4.5 రాతి ఈగ నింఫ్‌లు

స్టోన్‌ఫ్లై జాతుల్లో పెద్దవి మూడు, నాలుగేళ్లు నింఫ్ దశలోనే నది అడుగున గడుపుతాయి. వాటి హ్యాచ్ వేసవి మొదట్లో ముగిసినా, తరువాతి ఏళ్లలో రెక్కలు రావలసిన నింఫ్‌లు శరత్తులోనూ రాళ్ల కింద ఉంటాయి. నీరు చల్లగా ఉండి పైన కదలిక లేనప్పుడు 6 లేదా 8వ సంఖ్య నల్లని నింఫ్‌ను అడుగున నడిపించడం మంచి పద్ధతి.

9.4.6 చిన్న చేపలు

పెద్ద బ్రౌన్ ట్రౌట్ చేపలను తినే చేప. నది అడుగున రాళ్ల మధ్య ఉండే స్కల్పిన్ అనే చిన్న చేప దానికి ఇష్టం. 'మడ్లర్ మిన్నో' ఫ్లై స్కల్పిన్‌ను పోలినది. 1967లో పెన్సిల్వేనియాలో రసెల్ బ్లెస్సింగ్ తయారుచేసిన 'వూలీ బగ్గర్' మెత్తని ఈకల తోకతో జలగగానూ, చిన్న చేపగానూ కనిపిస్తుంది. మబ్బు రోజుల్లో, తెల్లవారుజామున, సంధ్యవేళ ఇవి బాగా పనిచేస్తాయి. మెత్తని ఈకలు చుట్టిన 'సాఫ్ట్ హాకిల్' ఫ్లైలను ప్రవాహానికి అడ్డంగా తిప్పడం మాడిసన్ మీద పాత అలవాటు.

పట్టిక 9.1 : ఆధారం – ఫ్లై

| మీరు గమనించినది | మొదట కట్టవలసినది | కొక్కెం సంఖ్య | నీటిలో స్థానం |
|---|---|---|---|
| పైన కదలిక లేదు, నీరు చల్లగా ఉంది | రాతి ఈగ నింఫ్. వెనుక ఫెజంట్ టెయిల్ | 6–8. 18 | అడుగున |
| మబ్బు, నిలువు రెక్కల చిన్న పురుగులు | ఆలివ్ ఎమర్జర్, పారాచూట్ ఆడమ్స్ | 18–22 | ఉపరితలం |
| నిశ్చల నీటిలో సన్నని వలయాలు, పురుగు కనిపించదు | గ్రిఫిత్స్ నాట్ | 18–22 | ఉపరితలం |
| నారింజ శరీరం, గుడారపు రెక్కలు | ఎల్క్ హెయిర్ కాడిస్ | 8–10 | ఉపరితలం |
| ఎండ, గాలి, గడ్డి గట్టు | మిడత, చీమ | 10. 16–18 | గట్టు అంచున |
| సంధ్యవేళ, లోతైన మడుగు | వూలీ బగ్గర్, మడ్లర్ మిన్నో | 4–8 | మధ్య, అడుగు |

> మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
> అ) మబ్బు రోజున నీలి రెక్కల ఆలివ్ చేపకు ఎందుకు తేలికగా దొరుకుతుంది?
> ఆ) హ్యాచ్ ముగిసిన స్టోన్‌ఫ్లై నింఫ్ శరత్తులో ఎందుకు పనికి వస్తుంది?

9.5 ఎంపికలో పాటించవలసిన క్రమం

నది దగ్గరకు వెళ్లగానే ఫ్లై కట్టవద్దు. పది నిమిషాలు గట్టున కూర్చోండి. తరువాత కింది క్రమాన్ని పాటించండి.

మొదటి మెట్టు – లోతు: చేప ఎక్కడ తింటోంది? పైన వలయాలు కనిపిస్తే వాటిని జాగ్రత్తగా చూడండి. చేప ముక్కు పైకి వచ్చి, వెనుక బుడగ మిగిలితే అది తేలే పురుగును తింటోంది. వీపు, తోక మాత్రమే కనిపిస్తే ఉపరితలానికి కాస్త దిగువన ఎమర్జర్లను తింటోంది. ఏమీ కనిపించకపోతే అడుగు నుంచి మొదలుపెట్టాలి.

రెండవ మెట్టు – పరిమాణం: నీటిలో ఒక రాయిని తీసి కింది వైపు చూడండి. అక్కడి నింఫ్ మీ వేలిగోరుతో పోలిస్తే ఎంత ఉంది? సాలెగూళ్లలో చిక్కుకున్న పురుగులు నిన్నటి హ్యాచ్‌ను చెబుతాయి. పురుగు పరిమాణానికి సరిపోయే ఫ్లై దొరకకపోతే, పెద్దదాని కన్నా ఒక సంఖ్య చిన్నది ఎంచుకోవడం మేలు. చూసిన రాయిని తిరిగి యథాస్థానంలో పెట్టండి.

మూడవ మెట్టు – ఆకారం, దశ: నిలువు రెక్కలా, గుడారపు రెక్కలా? నింఫ్ దశా, బయటపడుతున్న దశా, రెక్కల దశా?

నాలుగవ మెట్టు – రంగు: ఇది చివరిది. చేప కింది నుంచి, ఆకాశపు వెలుగుకు ఎదురుగా చూస్తుంది కాబట్టి తేలే ఫ్లై దానికి ముందుగా ఒక నీడగా కనిపిస్తుంది. అయినా కొత్తవారు మొదట మార్చేది రంగునే!

వీటన్నిటికీ తోడు దారం. ఫ్లైకి ముందుండే సన్నని దారపు మందాన్ని 'ఎక్స్' సంఖ్యతో చెబుతారు. 11లోంచి ఆ సంఖ్యను తీసివేస్తే మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో వస్తుంది. అంటే 6ఎక్స్ దారం మందం 0.005 అంగుళం, సుమారు 0.13 మిల్లీమీటరు. కొక్కెం సంఖ్యను మూడుతో భాగిస్తే తగిన దారం సంఖ్య సుమారుగా వస్తుంది. 18వ సంఖ్య ఫ్లైకి 6ఎక్స్ సరిపోతుంది. స్ట్రీమర్‌కు మాత్రం 1ఎక్స్ లేదా 2ఎక్స్ వంటి దళసరి దారం కావాలి. లేకపోతే పెద్ద చేప తగిలిన ఊపుకే దారం తెగి, కొక్కెం చేప నోట్లోనే ఉండిపోతుంది.

చేప ఫ్లైని తిరస్కరిస్తే వెంటనే మార్చకండి. ముందుగా ఫ్లై నీటితో సమానంగా సాగుతోందా, దారం లాగి పక్కకు గీత గీస్తోందా చూడండి. చాలా సందర్భాల్లో తప్పు ఫ్లైది కాదు, అది సాగే తీరుది.

9.6 ఒక రోజు: అన్వయం

అక్టోబర్ మొదటి వారంలో మీరు మాడిసన్ ఒడ్డున ఉన్నారని ఊహించుకోండి.

*ఉదయం 9 గంటలు.* గడ్డి మీద మంచు. నీటి ఉష్ణోగ్రత 6 డిగ్రీలు. పైన వలయాలు లేవు. పట్టికలోని మొదటి వరుస ప్రకారం రాతి ఈగ నింఫ్, దాని వెనుక చిన్న ఫెజంట్ టెయిల్ కట్టి లోతైన, నెమ్మదైన నీటిలో అడుగున నడిపిస్తారు. ఈ పార్కులో సీసం బరువులు నిషిద్ధం కాబట్టి టంగ్‌స్టన్ పూస గల నింఫ్ ఎంచుకుంటారు. చలిలో చేప మేత కోసం దూరం కదలదు. ఫ్లై దాని ముక్కు దగ్గరకే వెళ్లాలి.

*మధ్యాహ్నం 1 గంట.* మబ్బు కమ్మింది. నీరు 9 డిగ్రీలకు చేరింది. నిలువు రెక్కల బూడిద రంగు పురుగులు తేలుతున్నాయి. చేపలు లేస్తున్నాయి. మీరు 18వ సంఖ్య ఆడమ్స్ వేశారు. మూడుసార్లు చేప దగ్గరకు వచ్చి వెనుదిరిగింది. ఫ్లై సాఫీగానే సాగుతోంది. ఇప్పుడు వలయాన్ని మళ్లీ చూస్తే ముక్కు కనిపించడం లేదు, వీపు మాత్రమే కనిపిస్తోంది. అంటే మీ పరిమాణం సరైనదే, దశ తప్పు. ఎమర్జర్‌కు మారతారు. ఈ మార్పుకు ఆధారం అదృష్టం కాదు, పరిశీలన.

*సాయంత్రం 5 గంటలు.* హ్యాచ్ ముగిసింది. వెలుతురు తగ్గుతోంది. జలాశయం నుంచి వచ్చిన పెద్ద చేపలు లోతైన మడుగుల్లో ఆగి ఉంటాయి. దళసరి దారానికి వూలీ బగ్గర్ కట్టి ప్రవాహానికి అడ్డంగా తిప్పుతారు.

ఒకే రోజున 6వ సంఖ్య నుంచి 18వ సంఖ్య వరకు వాడారు. ప్రతి మార్పుకూ ఒక కారణం ఉంది. మీ నోటు పుస్తకంలో వేళ, ఉష్ణోగ్రత, కనిపించిన పురుగు, పనిచేసిన ఫ్లై రాసుకుంటే రెండు, మూడు శరత్తుల తరువాత అది ఏ జాబితా కన్నా మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

9.7 ఫ్లై వేయకూడని చోటు

ఆడ బ్రౌన్ ట్రౌట్ తోకతో గులకరాళ్లను తవ్వి గుంట చేస్తుంది. అందులో గుడ్లు పెట్టి, మగచేప ఫలదీకరణ చేసిన తరువాత పైవైపు గులకరాళ్లతో కప్పుతుంది. దీనిని గుడ్ల గూడు అందాం. నాచు పట్టిన ముదురు రంగు అడుగు మధ్య తెల్లగా, శుభ్రంగా కనిపించే కోలాకారపు మచ్చ దీని గుర్తు. ఎగువన గుంట, దిగువన చిన్న దిబ్బ ఉంటాయి. ట్రౌట్ శరీర బరువు కిలో ఒక్కింటికి సుమారు 1,500 నుంచి 2,000 గుడ్లు పెడుతుంది. అవి చలికాలమంతా ఆ రాళ్ల మధ్యే ఉంటాయి. వాటి మీద ఒక్క అడుగు వేసినా ఎన్నో గుడ్లు చితికిపోతాయి.

గూడు మీద ఉన్న చేప లోతు తక్కువ నీటిలో అందరికీ కనిపిస్తుంది. చోటు విడిచి పోదు. దగ్గరకు వచ్చిన దేన్నైనా కరుస్తుంది. దానికి ఏ ఫ్లై వేసినా తగులుతుంది. అంటే ఈ యూనిట్‌లో మీరు నేర్చుకున్న దేనికీ అక్కడ పని లేదు. శరత్కాలంలో అతి పెద్ద చేప అతి సులభంగా దొరికే చోటు అదే. వదిలి రావలసిన చోటూ అదే. ఆ చేపను పట్టి తిరిగి నీటిలో వదిలినా, అది గుడ్ల కోసం దాచుకున్న శక్తి మన పెనుగులాటలో ఖర్చవుతుంది.

పాటించవలసిన నియమాలు ఇవి. జంటగా ఉన్న చేపలకు ఫ్లై వేయరాదు. తెల్లని గులకరాళ్ల మీద, వాటికి సరిగ్గా దిగువన నడవరాదు. ముల్లు లేని కొక్కేలే వాడాలి. ఎల్లోస్టోన్‌లో ఇది చట్టపరమైన నిబంధన కూడా. పట్టిన చేపను తడి చేతులతో పట్టుకుని, నీటిలోనే ఉంచి కొక్కెం తీయాలి.

> మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
> అ) గుడ్ల గూటిని ఎలా గుర్తిస్తారు?
> ఆ) గూడు మీద ఉన్న చేపను పట్టడంలో నైపుణ్యం లేదని ఎందుకు అంటారు?

9.8 భారతదేశంలో శరత్కాలపు ట్రౌట్

తెలుగు రాష్ట్రాల నదులు వెచ్చనివి కాబట్టి వాటిలో ట్రౌట్ సహజంగా లేదు. బ్రిటిష్ పాలన కాలంలో బ్రౌన్ ట్రౌట్ గుడ్లను బ్రిటన్ నుంచి కాశ్మీర్‌కు తెచ్చారు. 1900 ప్రాంతంలో అక్కడ ఆ చేప స్థిరపడింది. తరువాత కులూ లోయకు చేరింది. దక్షిణాదిన నీలగిరుల్లోని చల్లని నీళ్లలో రెయిన్‌బో ట్రౌట్ ఉంది.

హిమాచల్ ప్రదేశ్‌లో నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి వరకు ట్రౌట్ వేట నిషిద్ధం. ఇది చేప గుడ్లు పెట్టే కాలం. కాబట్టి అక్కడి శరత్కాలపు వేట వర్షాలు తగ్గి నీరు తేటపడిన నాటి నుంచి అక్టోబర్ చివరి వరకే. తీర్థన్ వంటి నదుల్లో వేటకు మత్స్యశాఖ లైసెన్సు కావాలి. అక్కడి పురుగుల జాతులు మాడిసన్ జాతులు కావు. అక్టోబర్ కాడిస్ అక్కడ ఉండదు. అయినా రాయిని తిప్పి చూడడం, వలయాన్ని చదవడం, లోతు–పరిమాణం–ఆకారం–రంగు అనే క్రమం అక్కడా మారవు. జాబితా ఒక నదికే చెల్లుతుంది, పద్ధతి ఏ నదికైనా చెల్లుతుంది.

9.9 సారాంశం

ఫ్లై వాసన, రుచి లేని కృత్రిమ ఎర. అది లోతు, పరిమాణం, ఆకారం, కదలికలతో చేపను నమ్మించాలి. శరత్కాలంలో నీరు చల్లబడి, తేటపడుతుంది. కీటకాలు ఎక్కువగా చిన్నవి కాగా, గుడ్లు పెట్టబోయే బ్రౌన్ ట్రౌట్ పెద్ద స్ట్రీమర్లను కూడా తరుముతుంది. నీలి రెక్కల ఆలివ్, మిడ్జ్, అక్టోబర్ కాడిస్, గట్టు కీటకాలు, స్టోన్‌ఫ్లై నింఫ్, చిన్న చేపలు ఈ కాలపు ముఖ్య ఆహారం. ఎంపికలో లోతు మొదటిది, రంగు చివరిది. గుడ్ల గూళ్ల మీద ఉన్న చేపలను విడిచిపెట్టడం కూడా ఎంపికలో భాగమే. వచ్చే ఏళ్లలో ఆ నదిలో చేప ఉండడం దాని మీదే ఆధారపడి ఉంది.

9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి – మాదిరి జవాబులు

1. అ) డ్రై ఫ్లై పూర్తిగా తేలుతూ రెక్కలు వచ్చిన కీటకాన్ని పోలుతుంది. ఎమర్జర్ సగం మునిగి, చర్మం విడుస్తున్న కీటకాన్ని పోలుతుంది. ఆ) ఆకారం, పరిమాణం, కదిలే తీరు.
2. అ) చల్లని తేమ గాలిలో రెక్కలు ఆలస్యంగా ఆరడం వల్ల అది నీటి మీద ఎక్కువసేపు ఉంటుంది. ఆ) దాని నింఫ్ దశ కొన్ని ఏళ్లు సాగుతుంది కాబట్టి తరువాతి తరాల నింఫ్‌లు నదిలో ఉంటాయి.
3. అ) ముదురు రంగు అడుగు మధ్య తెల్లని, శుభ్రమైన కోలాకారపు మచ్చ, ఎగువన గుంట, దిగువన దిబ్బ. ఆ) అది చోటు విడవక, దగ్గరకు వచ్చిన దేన్నైనా కరుస్తుంది కాబట్టి పరిశీలనతోను, ఎంపికతోను పని లేదు.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శరత్కాలంలో నదిలో వచ్చే మార్పులు ఫ్లై ఎంపికను ఎలా ప్రభావితం చేస్తాయో వివరించండి.
2. ఫ్లై ఎంపికలోని నాలుగు మెట్లను తగిన ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మేఫ్లై, కాడిస్‌లను నీటి మీద ఎలా వేరుచేసి గుర్తిస్తారు? వాటికి తగిన ఫ్లైలు ఏవి?
2. గుడ్లు పెట్టే కాలంలో వేటగాడి బాధ్యతలను తెలపండి.

III. అభ్యాసం: మీకు దగ్గరలోని వాగు లేదా చెరువు గట్టున అరగంట కూర్చుని, నీటి మీద, రాళ్ల కింద కనిపించిన కీటకాలను వాటి పరిమాణం, దశలతో సహా నమోదు చేయండి. చేప అయితే వాటిలో దేనిని ముందుగా తింటుందో, ఎందుకో ఐదు వాక్యాల్లో రాయండి.

9.12 పదకోశం

*ఎమర్జర్* : రెక్కల దశలోకి మారుతూ ఉపరితలానికి చేరిన కీటకం, దానిని పోలిన ఫ్లై.
*గుడ్ల గూడు* : ట్రౌట్ గులకరాళ్లలో తవ్వి గుడ్లు పెట్టే చోటు.
*స్కల్పిన్* : చల్లని నదుల అడుగున ఉండే చిన్న చేప.
*హ్యాచ్* : నీటి కీటకాలు ఒకేసారి రెక్కలతో పైకి లేవడం.